పదహారుసార్లు పడ్డవాడు

పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారని మన పెద్దవాళ్ళు అంటూంటారు. అత్తగారి చేత మాటపడ్డ కోడల్ని ఓదార్చడానికి తప్ప ఈ సామెతని ఇంకో సందర్భంలో వాడగా నేను వినలేదు. కాని ఆ మధ్య జపాను దేశపు మనిషి ఒకతని కథ చదువుతూంటే నాకు అదేపనిగా ఈ సామెతే గుర్తొచ్చింది. అతను పడ్డది మాటలు కాదు, దెబ్బలు. ఒకే రాత్రి, ఒకే మనిషి చేతిలో, వేలాది కళ్ళ ముందు పదహారుసార్లు నేలమీద పడ్డాడు. పదహారోసారి దాకా లేచాడు కూడా.

నిజం చెప్పొద్దూ, కొట్లాటలంటే నాకు భయం. సినిమాలో ఫైటింగు మొదలుకాగానే కళ్ళు మూసుకుని, "అయిపోయిందా?" అని పక్కవాళ్ళని అడిగే జాతి నాది. అటువంటి నేను కిక్ బాక్సింగు గురించి రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. నన్ను పట్టుకున్నది ఆ ఆట కాదు, ఆ మనిషి. అతను గెలిచిన రెండువందల పైచిలుకు పోటీల మీద లోకానికి అనుమానాలున్నాయి. అతను ఓడిన ఆ ఒక్క రాత్రి మీద మాత్రం ఎవరికీ అనుమానం లేదు. నవలలు రాసుకునేదాన్ని గనక ఈ మెలిక నన్ను వదల్లేదు.

అతని పేరు తదాషి సవామురా. అమ్మా నాన్నా పెట్టిన పేరు వేరే ఉంది, హిదెకి షిరాహా. పుట్టింది 1943 జనవరి 5న, జపానులో కాదు, మంచూరియాలో. చైనాకి ఈశాన్యాన ఉన్న ఆ ప్రాంతాన్ని జపాను సైన్యం ఆక్రమించి, మంచుకువో అని పేరుపెట్టి, తోలుబొమ్మ చక్రవర్తి ఒకణ్ణి కూచోబెట్టి ఏలుతున్న రోజులవి. దాని రాజధానిలో పుట్టాడు ఈ పిల్లవాడు. ఇప్పుడు ఆ ఊరిని చాంగ్‌చున్ అంటున్నారు. వాడికి రెండున్నరేళ్ళు నిండేసరికి, 1945 ఆగస్టులో ఆ రాజ్యం పేకమేడలా కూలిపోయింది. అక్కడ కాపురాలు పెట్టుకున్న జపాను వాళ్ళు పదిలక్షల పైనే. చంకన బిడ్డా చేతిలో మూటాతో, ఆకలితో, జబ్బులతో స్వదేశం చేరడానికి కొందరికి ఏడాది, కొందరికి అంతకంటే ఎక్కువే పట్టింది. దారిలో పోయిన పసిపిల్లలకు లెక్కలేదు. ఆ తరం పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయిన జపాను ఓడిపోయిన జపాను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

కుర్రవాడు టోక్యోలో నిహోన్ విశ్వవిద్యాలయంలో కళల విభాగంలో చేరి సినిమా కళ చదువుకున్నాడు. అదే కాలేజీలో కరాటే కూడా నేర్చి మంచి పేరు తెచ్చుకున్నాడు. ఇక్కడ కరాటే గురించి ఒక చిన్నమాట చెప్పాలి. ఆనాటి విద్యార్థుల కరాటే పోటీల్లో చాలామటుకు దెబ్బ తగలకూడదు! పిడికిలి రివ్వున వెళ్ళి ఎదుటివాడి ముక్కుకి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోవాలి. ఆపగలగడమే విద్య. చక్కటి నియమమే. కాని అలా ఏళ్ళతరబడి ఆపడం నేర్చుకున్న చెయ్యి, ఆపని చెయ్యి ఎదురైతే ఏమవుతుంది?

ఇప్పుడు కథలోకి ఇంకో పెద్దమనిషి రావాలి. ఒసాము నోగుచి అని, బాక్సింగు పోటీలు ఏర్పాటుచేసే వ్యాపారి. తండ్రి బాక్సరు, తమ్ముడు బాక్సరు. 1962లో ఆ తమ్ముడు ప్రపంచ విజేత అయిన థాయిలాండు బాక్సరు పోన్ కింగ్‌పెచ్‌తో టోక్యోలో తలపడి ఓడిపోయాడు. ఆ రాకపోకల్లో నోగుచి కళ్ళు థాయి వాళ్ళ సొంత యుద్ధం మీద పడ్డాయి. అదే ముయే థాయ్. పిడికిలి ఒక్కటే కాదు, కాలూ, మోకాలూ, మోచెయ్యీ అన్నీ ఆయుధాలే. బీదింటి పిల్లలు ఏడెనిమిదేళ్ళ వయసులోనే ఇందులో దిగుతారు. పోటీకి ముందు గురువుకి దణ్ణంపెట్టి, వాయిద్యాలకి అనుగుణంగా నెమ్మదిగా నాట్యం చేసి, ఆ తరవాత ఎముకలు విరగ్గొట్టుకుంటారు.

కరాటే గొప్పదా, ముయే థాయ్ గొప్పదా? ఈ ప్రశ్నతో డబ్బు చేసుకోవచ్చని నోగుచికి తట్టింది. 1964 ఫిబ్రవరిలో ముగ్గురు కరాటే వీరుల్ని బాంకాక్‌లోని లుంపినీ స్టేడియంలో థాయి వాళ్ళ మీదకి దింపాడు. ఇద్దరు గెలిచారు. మూడో ఆయన కెన్జి కురోసాకి, వయసులో పెద్దవాడు, మోచేతి దెబ్బకి కూలిపోయాడు. ఈయన మళ్ళీ వస్తాడు. నోగుచి మాత్రం ఆ రెండు విద్యల్నీ కలిపి జపానులో కొత్త ఆట ఒకటి తయారుచేశాడు. దానికి 'కిక్ బాక్సింగ్' అని ఇంగ్లీషు పేరు కట్టింది ఇంగ్లీషువాళ్ళు కారు, ఈ జపాను వ్యాపారే. ఆట సిద్ధం, పేరు సిద్ధం, ఇక కావలసింది నాయకుడు. కరాటే తెలిసి, నలుగురూ చూడదగ్గ ముఖమున్న షిరాహా దొరికాడు. సినిమావాళ్ళు పేరు మార్చినట్టే ఇతని పేరూ మార్చి సవామురాని చేశారు.

1966 ఏప్రిల్ 11న ఒసాకా నగరంలో మొదటి ప్రదర్శన. సవామురా ఒక థాయి యోధుణ్ణి గెలిచాడు. ఇంతేనా ముయే థాయ్ అనుకుని ఉంటాడు. కుర్రతనం కదా.

రెండు నెలలు గడిచాయి. టోక్యోలో షిబుయా అనే పేటలో రికి స్పోర్ట్స్ ప్యాలెస్ అనే భవనం ఉండేది. అందులో సవామురాకి ఎదురుగా నిలబడినవాడు సమాన్ సోర్ ఆదిసోన్, అసలుసిసలు థాయి యోధుడు. ఆపని చెయ్యి అన్నానే, అది ఎదురైంది. చెయ్యే కాదు, ఆపని కాలూ, ఆపని మోకాలూ కూడాను. సవామురా పడ్డాడు. లేచాడు. పడ్డాడు. రిఫరీ అంకెలు లెక్కపెట్టడం, పది చెప్పేలోగా ఇతను మోకాళ్ళమీద లేచి నిలబడడం, మళ్ళీ పడడం. నాలుగో రౌండులో ఇక లేవలేదు. రౌండుకి మూడు నిమిషాలు. నాలుగు రౌండ్లూ పూర్తిగా సాగాయనుకున్నా పన్నెండు నిమిషాలు. పన్నెండు నిమిషాల్లో పదహారుసార్లంటే ముప్పావు నిమిషానికి ఒకసారి పడ్డాడన్నమాట. మనం స్టవ్ మీద పాలు పెట్టి, అవి పొంగేదాకా నిలబడి చూసేపాటి సమయం అది. అంతసేపట్లో ఒక మనిషిని పదహారుసార్లు పడగొట్టారు.

ఇంతటి ఘోరం చూస్తూ ఊరుకున్న రిఫరీ మీద నాకు కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ కోపం నోగుచి మీద. ఎవరి కొడుకో కదా వాడు! కాని వ్యాపారి కన్ను వేరు. నా ఊహ చెబుతున్నాను, తప్పయితే మన్నించండి: ఆ రాత్రి నోగుచికి కనిపించింది పడిన పదహారుసార్లు కాదు, లేచిన పదిహేనుసార్లు. ఓడిపోయిన దేశంలో, ఓడిపోయి ఇల్లు చేరినవాళ్ళ పిల్లలు నిండిన దేశంలో, పడి లేచేవాణ్ణి చూడడానికి జనం టిక్కెట్టు కొంటారని అతనికి తెలుసు.

సవామురాకి తెలిసింది ఇంకొకటి. తను నేర్చిన కరాటే ఇక్కడ చాలదు. వేరే ఎవరైనా అయితే చదువుకున్నవాణ్ణి, నాకీ తన్నులెందుకని సినిమా శాఖలో ఏదో ఉద్యోగం చూసుకునేవాడు. ఇతను అలా చెయ్యలేదు. ఎవరి చేతిలో చావుదెబ్బ తిన్నాడో వాళ్ళ విద్యకే శిష్యుడయ్యాడు. నోగుచి వాళ్ళ మెగురో వ్యాయామశాలలో చేరి మోకాలి కింది ఎముకతో కొట్టడం, మోకాటితో పొడవడం, దగ్గరగా పెనుగులాడడం, ఓనమాలనుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

1968లో టీవీ వచ్చి చేరింది. టోక్యోలోని టీబీఎస్ సంస్థ వాళ్ళు సోమవారం రాత్రి ఏడుగంటలకి అరగంటసేపు కిక్ బాక్సింగు చూపించడం మొదలుపెట్టారు. ఏడుగంటలంటే జపాను ఇళ్ళల్లో భోజనాల వేళ. కార్యక్రమానికి డబ్బు పెట్టినవాళ్ళు ఎవరనుకున్నారు? వైకేకే వాళ్ళు. మీ హ్యాండ్‌బ్యాగు జిప్పు మీద ఎప్పుడైనా ఆ మూడు అక్షరాలు కనబడ్డాయా? ఆ జిప్పుల కంపెనీయే. వ్యాఖ్యానం చెప్పిన పెద్దమనిషి గురించి తెలిసి నేను మరీ ఆశ్చర్యపోయాను. దైకిచి తెరౌచి అని, బౌద్ధ పూజారి, పైగా నవలా రచయిత. జనం మెచ్చే కథలకి ఇచ్చే నవోకి బహుమతి అందుకున్నవాడు. పొద్దున అమితాభ బుద్ధుడికి పూజ, సోమవారం సాయంత్రం తన్నులాటకి వ్యాఖ్యానం. ఏం చేస్తాం, రచయితలకి ఎక్కడా ఒక వృత్తితో గడవదు కాబోలు.

ఆ అరగంట జపానుని ఊపేసింది. సవామురా రింగులో ఒక్కసారిగా గాలిలోకి ఎగిరి, ఎదుటివాడి గడ్డం కింద మోకాటితో పొడిచేవాడు. దానికి 'శూన్యంలో ఎగిరే మోకాటి దెబ్బ' అని బ్రహ్మాండమైన పేరు పెట్టారు. ఇక పిల్లల సంగతి అడగకండి. ఎక్కడ చూసినా ఎగరడమే. ఇక్కి కజివారా అనే ప్రసిద్ధ రచయిత అతని జీవితం మీద 'కిక్ నో ఓని' అనే బొమ్మల కథ అల్లాడు. ఓని అంటే రాక్షసుడు. మన వైపు 'పనిరాక్షసుడు' అంటాం చూడండి, ఆ అర్థంలో. 1970 అక్టోబరులో అది కార్టూన్ చిత్రమై అదే టీవీలో వారంవారం వచ్చింది. దానికి పాట పాడింది స్వయానా సవామురాయే. బతికున్న మనిషి బొమ్మ టీవీలో తన్నుతోంది, అదే వారంలో అసలు మనిషీ టీవీలో తన్నుతున్నాడు. పిల్లలకి ఏది బొమ్మో ఏది మనిషో తెలియకుండా పోయిందంటే వాళ్ళ తప్పేముంది?

1973లో ఆ దేశపు వృత్తి క్రీడాకారులందరిలో ఉత్తముడికిచ్చే బహుమతి సవామురాకి వచ్చింది. ఆ ఏడు పోటీలో ఉన్నది ఎవరో తెలుసా? బేస్‌బాల్ వీరుడు సదహారు ఓహ్. ఆ సంవత్సరమే ఆ ఆటలో మూడు ప్రధాన రికార్డుల్లోనూ మొదటివాడిగా నిలిచినవాడు. అతణ్ణి దాటి ఇతనికి ఇచ్చారు. అదే ఏడాది ఉత్తమ గీతానికిచ్చే పెద్ద బహుమతి హిరోషి ఇత్సుకి అనే గాయకుడికి వచ్చింది. అతని వ్యవహారాలు చూసే సంస్థ కూడా నోగుచిదే. ఒక్క ఏడాదిలో దేశంలోని రెండు పెద్ద బహుమతులూ ఒకే ఇంటికి! ఆ రోజున నోగుచి దిష్టి తీయించుకుని ఉండవలసింది.

ఇక్కడినుంచి కథ నాకు కష్టంగా ఉంది. చెప్పక తప్పదు.

లెక్కలు చూడండి. సవామురా మొత్తం పోటీలు 241. గెలుపులు 232. అందులో ఎదుటివాడు లేవలేక ముగిసినవి 228. ఓటములు 5, సమానంగా తేలినవి 4. ఇంటిఖర్చులు రాసుకునే అలవాటు మనకుంది కదా, భాగహారం చేద్దాం. సుమారు పదేళ్ళకి 241 అంటే నెలకి రెండు. ప్రపంచంలో పేరుపడ్డ బాక్సర్లు ఏడాదికి మూడో నాలుగో పోటీలు చేసి అమ్మయ్య అని కూలబడతారు. ఇతను నెలకి రెండుసార్లు, అదీ మోకాళ్ళతో మోచేతులతో పోరాడి, దాదాపు ప్రతిసారీ ఎదుటివాణ్ణి పడగొట్టాడంటే మనసు ఒప్పుకోవడం కష్టం. అరగంట కార్యక్రమం, మధ్యలో జిప్పుల ప్రకటనలు, భోజనాలు ముగిసేలోగా నాయకుడు ఎగరాలి, ప్రతినాయకుడు పడాలి. ఎగరకపోతే పిల్లలు ఏడుస్తారు. ఆ పడినవాళ్ళలో కొందరు పడడానికే డబ్బు పుచ్చుకుని వచ్చారేమోనన్న మాట అప్పుడే పుట్టింది, ఇప్పటిదాకా పోలేదు. మసాషి హోసోదా అనే రచయిత నోగుచి జీవితం మీద 2020లో పెద్ద పుస్తకం రాశాడు. దాని పేరే 'సవామురా తదాషిని శూన్యంలో ఎగరవేసిన మనిషి' అన్న అర్థం వచ్చేలా ఉంటుంది. ఎగిరింది ఒకడు, ఎగరవేసింది ఇంకొకడు. పేరులోనే సగం సంగతి చెప్పేశాడు.

సమాన్ చేతిలో అతను పడిన ఆ భవనం కట్టించింది రికిదోజాన్ అనే మల్లయోధుడు. యుద్ధం తరవాత జపాను వాళ్ళు వీధుల్లో పెట్టిన టీవీల ముందు వేలకివేలు గుమిగూడి చూసింది ఇతనినే. తెల్లవాళ్ళని గోదాలో ఎత్తి పడేస్తూంటే ఓడిన జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ కుస్తీలు ముందుగా మాట్లాడుకున్నవేనని పెద్దవాళ్ళలో చాలామందికి తెలుసు. తెలిసీ ఏడ్చారు. మనం హరికథలో సీతమ్మ కష్టాలకి ఏడవమూ? కథ తెలియకనా! అయితే రికిదోజాన్‌ది ఆట అని అందరికీ సగం తెలుసు. సవామురాది నిజం అని చెప్పి చూపించారు. తేడా అక్కడుంది. ఆ తేడాకి జవాబు చెప్పవలసినవాడు నోగుచి, టీవీవాళ్ళు. మోయవలసివచ్చింది మాత్రం సవామురా ఒక్కడు.

మరి అసలు విద్య లేనివాడా? అలా అనడానికి నాకు నోరు రాదు. గాలిలోకి అంతెత్తు లేవడం ఎవరూ డబ్బిచ్చి చేయించలేరు. ఆ కాళ్ళు అతనివే. పదేళ్ళపాటు నెలకి రెండుసార్లు రింగులో నిలబడడమంటే, ఎదుటివాడు మెల్లగా కొట్టినా సరే, ఒళ్ళు గుల్లవుతుంది.

ఇంతలో కురోసాకి సంగతి చెబుతానన్నాను కదా. బాంకాక్‌లో మోచేతి దెబ్బ తిన్న ఆయన, ఆ అవమానం దిగమింగుకుని 1969లో టోక్యోలో మెజిరో అనే వ్యాయామశాల పెట్టాడు. అక్కడ శిష్యులు పడిన పాట్లు కథలు కథలుగా చెబుతారు. ఆ శిష్యుల్లో తోషియో ఫుజివారా అనేవాడు 1978 మార్చిలో థాయి యోధుణ్ణి గెలిచి, బాంకాక్ రాజదమ్నెర్న్ స్టేడియం వారి విజేత బిరుదు పొందాడు. థాయిలాండు వాడు కాని మనిషికి అది దక్కడం అదే మొదలు. ఆట తెలిసినవాళ్ళు ఇప్పటికీ ఫుజివారాకే పెద్దపీట వేస్తారు. కాని జపాను అమ్మమ్మల్ని అడిగి చూడండి, కిక్ బాక్సింగు అనగానే వాళ్ళ నోట వచ్చేది సవామురా పేరే. భోజనాల వేళ ఇంట్లోకి వచ్చినవాణ్ణి మరిచిపోరు మరి.

1977 అక్టోబరులో సవామురా ఆట మానేశానని లాంఛనంగా ప్రకటించాడు. అప్పటికతనికి ముప్ఫైనాలుగేళ్ళు. మరి రెండేళ్ళకి టీవీ కార్యక్రమమూ ఆగిపోయింది. నాయకుడు లేని సీరియల్ ఎన్నాళ్ళు నడుస్తుంది!

ఆ తరవాత అతను చేసిన పని నాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. మాయమైపోయాడు. సినిమాల్లో చేరలేదు, కొత్త శాల పెట్టి తన పేరు అమ్ముకోలేదు, వ్యాఖ్యాతగా కూచోలేదు. సవామురా అన్న పేరు ఆ రింగులోనే వదిలేసి, మళ్ళీ హిదెకి షిరాహా అయిపోయి, మోటారు కార్ల మరమ్మతు వ్యాపారం పెట్టుకున్నాడు. పత్రికలవాళ్ళు ఊరుకుంటారా? మనిషి కనబడకపోతే కథ పుట్టించాలిగా. దెబ్బలకి మెదడు చెడిపోయిందన్నారు. అడుక్కుతింటున్నాడన్నారు. చచ్చిపోయాడన్నారు. అతను ఇంట్లో భార్యాబిడ్డలతో సుఖంగా అన్నం తింటున్నాడు. వాటికీ జవాబు చెప్పలేదు. పోటీలు నిజమా, నాటకమా అన్నదానికీ నోరు విప్పి వివరం ఇవ్వలేదు. పెద్దయ్యాక చిన్నపిల్లలకి కరాటే నేర్పేవాడు. తను మొట్టమొదట నేర్చిన విద్య అదే కదా.

ఆ మౌనం గురించి నేను చాలాసేపు ఆలోచించాను. అన్నీ నిజమేనని చెబితే అబద్ధమవుతుందనుకున్నాడా? కాదని చెబితే, టీవీ ముందు ఎగిరిన ఆ పిల్లలందరి బాల్యాన్నీ లాక్కున్నట్టవుతుందనుకున్నాడా? ఆనాటి పదేళ్ళ పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు. వాళ్ళకి సమాధానం ఇచ్చే హక్కు తనకి లేదనుకున్నాడేమో. నవల్లో అయితే ఇక్కడ అతని చేత నాలుగు పేజీలు మాట్లాడించేదాన్ని. అతను మాట్లాడకపోవడమే బాగుందని ఇప్పుడనిపిస్తోంది.

నోగుచి 2016లో పోయాడు. షిరాహా 2021లో చిబా ప్రాంతపు ఆసుపత్రిలో ఊపిరితిత్తుల కాన్సరుతో కన్నుమూశాడు. డెబ్భైఎనిమిదేళ్ళు. ఆ వార్త కూడా వెంటనే బయటికి రాలేదు. అంతా అయిపోయాక, ఏప్రిల్ ఒకటో తారీఖున గాని లోకానికి తెలియలేదు.

పోయిన తేదీ మార్చి 26. ఆ తేదీ చూసి నేను కార్టూన్ చిత్రం తేదీలు మళ్ళీ తీసి చూశాను. 'కిక్ నో ఓని' ఇరవయ్యారో భాగం, ఆఖరి భాగం, టీవీలో వచ్చింది 1971 మార్చి 26న. సరిగ్గా యాభై ఏళ్ళ కిందట.